సీసాలోని సారమెంత?

"నేను బీరు మాత్రమే పుచ్చుకొంటిని" అను మాట మన శ్రోతలలో చాలమంది వినియే యుందురు. విస్కీ త్రాగినవాడు మత్తులో నున్నాడనియు, బీరు త్రాగినవాడు దాహము తీర్చుకొన్నాడనియు లోకము తలచుచున్నది. త్రాగుడు మంచిచెడ్డల చర్చకు మేము ఈ పూట దిగుట లేదు. పెన్సిలు, కాగితము దగ్గర నుంచుకొనిన చాలును.

పానీయ మేదైనను మత్తు కలిగించునది అందలి ఆల్కహాలే. దానిని లెక్కించుటకు బ్రిటనులో 'యూనిట్' అను కొలత కలదు. శుద్ధమైన ఆల్కహాలు 10 మిల్లీలీటర్లు ఒక యూనిట్. తూకమున 8 గ్రాములు. (అమెరికాలోని మనవారు చెప్పు 'ఒక డ్రింకు' 14 గ్రాములు, రెంటిని కలగలుపరాదు.) త్రాగిన మిల్లీలీటర్లను సీసాపై అచ్చువేసిన శాతపు అంకెతో గుణించి, 1000 చేత భాగించిన యూనిట్లు తేలును.

మన బజారులో దొరకు విస్కీ, బ్రాందీ సీసాలపై సాధారణముగా 42.8 శాతమని యుండును. ఈ వింత అంకె పాత ఆంగ్లేయ 'ప్రూఫ్' కొలత మిగిల్చిన ఆస్తి. ఆ కొలతలో నూరు డిగ్రీలనగా 57.1 శాతము, అందు ముప్పాతిక 42.8. పెద్ద పెగ్గు 60 మిల్లీలీటర్లు గనుక దాదాపు 2.6 యూనిట్లు. క్వార్టరు సీసాలో 7.7. సోడా ఎంత కలిపినను ఈ అంకె తగ్గదు. ఇక ఇంటిలో చేతివాటముగా పోసిన పెగ్గు అరువదియే యని నమ్మరాదు. దగ్గుమందు సీసాతో వచ్చు కొలమూతతో ఒకసారి కొలిచి చూచిన తెలియును.

ఇప్పుడు బీరు. పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు. 5 శాతమైనచో 3.25 యూనిట్లు. 8 శాతపు 'స్ట్రాంగు' బీరైనచో 5.2! అనగా రెండు పెద్ద పెగ్గులకు ఏ మాత్రమును తీసిపోదు.

కల్లు సంగతి వేరు. కుండకు చీటీ యుండదు. చెట్టునుండి దింపునప్పటికే పులియుట మొదలై, ప్రొద్దుటి కల్లు సాయంత్రమునకు ఘాటెక్కును. శాతము తెలియనిచోట మన గుణకారము సాగదు.

వారమునకు 14 యూనిట్లు మించరాదని బ్రిటనులోని ప్రధాన వైద్యాధికారులు 2016లో చెప్పిరి. సురక్షితమైన మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది.

మన కాలేయము గంటకు సుమారు ఒక యూనిట్‌ను మాత్రమే హరించును; మనిషిని బట్టి కొంత హెచ్చుతగ్గులుండును. కాఫీ, నిమ్మరసము, చన్నీటి స్నానము దానిని తొందరపెట్టజాలవు. రాత్రి పదిగంటలకు రెండు స్ట్రాంగు సీసాలు ముగించినవాని కడుపులో 10.4 యూనిట్లు. తెల్లవారి ఎనిమిదింటికి పిల్లవానిని స్కూటరుపై బడికి తీసికొనిపోవునప్పటికి ఆ లెక్క ఇంకను పూర్తిగా తీరియుండకపోవచ్చును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములు దాటినచో నేరమనుచున్నది. అది బీరా, విస్కీయా అని ఆ చట్టము అడుగదు.