ఓటమి చూపిన దారి



నెల్లూరు మండలమునకు పశ్చిమమున ఉదయగిరి కొండ 3,000 అడుగులకు పైబడిన యెత్తున నిలిచియున్నది. ఆ దుర్గము నెక్కినవారు శిథిల ప్రాకారములను జూచి రాజుల విజయములను దలచుకొందురు. కాని ఆ కొండ చెప్పెడు మొదటి పాఠము పరాజయమునకు సంబంధించినది.

పదునైదవ శతాబ్దము చివర సాళువ నరసింహరాయలు గజపతులతోడి పోరున నోడి ఇచ్చటనే బందీ యయ్యెను. కోటను వారికి విడిచి తాను విడుదల పొందెను. అవమానమును దాచుకొనుట మానవ సహజము, ఆయన దాచలేదు. తాను సాధింపలేకపోయిన మూడు కోటలను పేర్కొని, వానిని సాధింపవలయునని తరువాతివారికి మరణశాసనమున జెప్పిపోయెననియు, ఆ మూటిలో ఉదయగిరి యొకటియనియు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసియున్నాడు.

1513లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడి ఆరంభించెను. కోటకు త్రోవ యొక్కటే. అందు ఒకరి వెనుక ఒకరు మాత్రమే పోవలయును. ఆ యిరుకు త్రోవనే నమ్ముకొనక, రాయలు బండలు పగులగొట్టించి వెడల్పైన బాటను, మరికొన్ని బాటలను వేయించెను. ఏడాదిన్నర పట్టినది. 1514లో దుర్గము వశమైనది. ముందువాడు ఒప్పుకొన్న ఓటమియు, తరువాతివాడు మార్చుకొన్న దారియు గూడి ఫలించినవి.

ఇది రాజుల కథ, మనబోంట్ల కెట్లు వర్తించునని యెవరైన నడుగవచ్చును. ఈ మండలమందలి చవటపాలెమున 1949లో రైతు కుటుంబమున జన్మించిన ముప్పవరపు వెంకయ్యనాయుడు గారి జీవితమును జూడుడు. రాజకీయ పక్షముల మాట ఎట్లున్నను, ఆ జీవితమునుండి ఎల్లరును నేర్వదగినది కలదు. 1977లో ఒంగోలున లోక్‌సభకు నిలిచి ఓడిరి. 1978లోను, 1983లోను ఉదయగిరి ప్రజలు వారిని శాసనసభకు పంపిరి. 1985లో పొరుగుననే యున్న ఆత్మకూరున నిలువగా ఓటమియే కలిగెను. 1989లో బాపట్లలోను, 1996లో హైదరాబాదులోను లోక్‌సభకు నిలిచి మరల నోడిరి. 1998లో రాజ్యసభ సభ్యులైరి. 2017 నుండి 2022 వరకు భారత ఉపరాష్ట్రపతి పదవి నిర్వహించిరి.

దీనికంతకు పట్టుదలయే కారణమన్నచో సగము మాటయే చెప్పినట్లగును. విద్యార్థి దశలో వారు హిందీ వ్యతిరేకోద్యమమున జేరి, హిందీ అక్షరములకు తారు పూసిరి. పిమ్మట ఢిల్లీలో పనిచేయవలసి వచ్చినపుడు, ఆనాడు తారు పూసినది తన ముఖమునకేయని గ్రహించితినని బహిరంగ సభలలో తామే చెప్పుకొనిరి. చెప్పి యూరకుండక ఆ భాషను నేర్చిరి, అందు ఉపన్యసించిరి. అట్లని తెలుగుమీది మమకారమును వదలుకొనలేదు. మాతృభాషను మరువవద్దని యువకులకు జెప్పుచునే యుండిరి. తప్పు దిద్దుకొనుట యనగా తన్ను తాను పోగొట్టుకొనుట కాదు.

ఇచ్చట ఒక వివేకము అవసరము. ప్రతి కష్టమును స్వయంకృతము కాదు. వాన రాక మెట్టపైరు ఎండినచో అది రైతు తప్పు కాదు. అతనికి ఉపదేశము కంటె ఊరివారి తోడు ముఖ్యము. పరీక్ష తప్పిన బాలుని నలుగురిలో నిందించిన తలిదండ్రులు వానికి దాచుటను నేర్పుదురు గాని, దిద్దుకొనుటను నేర్పరు. ఎచ్చట పొరబడితివని ప్రక్కన గూర్చుండి యడిగినచో, వాడు పుస్తకము మరల దెరచును. తన వలన జరిగినదేదో, తన చేతిలో లేనిదేదో వేరుచేసి చూడగలుగుటయే మనిషి ఎదుగుదలకు మొదటి మెట్టు.

అట్టి చూపునకు గ్రంథాలయము మంచి తావు. పుస్తకము కొరకు చేయి చాచినవాడు తనకు తెలియనిది కలదని యొప్పుకొన్నవాడే. ఇచ్చట వానిని జూచి నవ్వువారు లేరు. ఇరువదియైదేండ్లుగా ఈ బల్లల ముందు ఎందరో ఆ విధముగ నేర్చుకొనిరి. ఇకమీదట కూడ ఈ గ్రామమున ఓడినవారు మొగము చాటువేయక ఈ తలుపు దట్టుదురు గాక! వారికి చోటు చూపుట మనయందరి విధి.