ఇంగ్లీషు భాషలో విశేషణముల చోటు



నేటి ప్రసంగ విషయము ఇంగ్లీషు భాషయందలి విశేషణములు. ఇది బడిపిల్లల పాఠము గదా, మాకేల యని తాము తలపవచ్చును. రెండు కారణములచేత ఇది పెద్దలును వినదగిన విషయమని నా మనవి. మొదటిది: నేడు పల్లెలందు సైతము మనుమలును మనుమరాండ్రును ఇంగ్లీషు చదువుచున్నారు. సందేహము కలిగినప్పుడు ఇంటనున్న పెద్దల మొగము చూచుచున్నారు. రెండవది: దస్తావేజులు, వీలునామాలు, సంఘముల నిబంధనలు, ఉన్నత న్యాయస్థానముల తీర్పులు పెక్కు ఆ భాషలో నుండుచున్నవి. వానిలో ఒక్క విశేషణమును అజాగ్రత్తగా వాడినచో ఆస్తులే చేతులు మాఱును. అట్లు మాఱిన వృత్తాంతమొకటి ఈ ప్రసంగములోనే విన్నవించెదను.

ముందు విశేషణమనగా నేమో చూతము. వస్తువును తెలుపు మాట విశేష్యము. దాని గుణమును, రంగును, కొలతను, సంఖ్యను తెలుపు మాట విశేషణము. 'ఆవు' అన్నచో లోకములోని ఆవులన్నియు ఆ మాటలో ఇమిడియున్నవి. 'నల్ల ఆవు' అనగానే తెల్లవియు ఎఱ్ఱవియు తొలగిపోయినవి. 'ఒంటికొమ్ము నల్ల ఆవు' అన్నచో ఊరిలో బహుశః ఒక్కటే మిగులును. ఇట్లు ఇతరములనుండి వేఱుచేయునది కావుననే మన శాస్త్రకారులు విశేషణమును వ్యావర్తకమనిరి. రైతు మాటలో చెప్పవలెనన్న, విశేషణము అర్థమునకు పాతిన హద్దురాయి. ఇంగ్లీషువారు దీనిని 'అడ్జెక్టివ్' అందురు. ఆ పేరు లాటిన్ భాషనుండి వచ్చినది; చేర్చబడినది యని దాని భావము.

యాస్కుడు పదములను నామము, ఆఖ్యాతము, ఉపసర్గము, నిపాతము అని నాలుగు జాతులుగా విభజించెను. అందు విశేషణమునకు ప్రత్యేకమైన జాతి లేదు. అది నామములోనే చేరినది. పూర్వపు ఇంగ్లీషు వ్యాకరణకర్తలును లాటిన్ మర్యాద ననుసరించి దానిని నామములో ఒక భేదముగానే చెప్పుచుండిరి. దానిని వేఱొక భాషాభాగముగా లెక్కించుట 18వ శతాబ్దమున గాని స్థిరపడలేదు. కావున ఈ విషయమున మన పెద్దలకును వారి పెద్దలకును చాల దూరము లేదు.

అమరకోశము వల్లించినవారికి మూడవ కాండమునందలి మొదటి వర్గము జ్ఞప్తియందుండును. దానిపేరు విశేష్యనిఘ్నవర్గము. నిఘ్నమనగా అధీనమైనది. విశేషణము విశేష్యమునకు అధీనమని ఆ పేరే చెప్పుచున్నది. ఈ అధీనత అన్ని భాషలకును సమానము. అయితే ఆ అధీనతను వెల్లడించు తీరు భాషభాషకు వేఱు. సంస్కృతమున అది రూపమువలన తెలియును: 'సుందరః బాలః', 'సుందరీ బాలికా', 'సుందరం ఫలమ్'. విశేష్యము ఏ లింగ వచన విభక్తులను ధరించునో, విశేషణమును వానినే ధరించును. ఇద్దఱును ఒకే వేషమున నుండుటచేత, కవి వారిని శ్లోకములో ఎంత దూరమున నిలిపినను, ఎవరు ఎవరివారో సాధారణముగా తెలిసిపోవును.

తెలుగు పద్ధతి వేఱు. 'మంచి బాలుడు', 'మంచి బాలిక', 'మంచి పుస్తకము' అని విశేష్యమునకు ముందు నిలిచినప్పుడు 'మంచి' యను మాట మాఱదు. విధేయముగా వాక్యము చివర నిలిచినప్పుడు మాత్రము 'బాలుడు మంచివాడు', 'పుస్తకము మంచిది', 'బాలురు మంచివారు' అని మాఱును.

ఇంగ్లీషులో ఈ రెండు చోట్లను మార్పు లేదు. 'గుడ్ బాయ్', 'గుడ్ గర్ల్', 'గుడ్ బాయ్స్', 'ది బాయ్స్ ఆర్ గుడ్' — ఎక్కడ జూచినను 'గుడ్' గుడ్డే. పిల్లలు కొందఱు బాలురు పలువురు గదా యని విశేషణమునకును బహువచనపు సకారమును తగిలింతురు. అట్లు తగిలించినచో 'గుడ్' అనునది 'గూడ్స్' అగును. అది సరకులకు పేరు. మన స్టేషనులో ఆగు గూడ్సు బండి పేరు. మంచివి, విలువ గలవి అను భావముననే ఆ మాట సరకులకు చెల్లినది. అట్లే 'ది పూర్' అన్నచో పేదలందఱు అనియే అర్థము. అక్కడను సకారము పనికిరాదు.

లింగమునకును వచనమునకును మాఱని ఈ విశేషణము ఒక్క సందర్భమున మాత్రము రూపము మార్చుకొనును. అది పోలిక చెప్పునప్పుడు. మన 'తారతమ్యము' అను మాటలో 'తర', 'తమ' అను రెండు ప్రత్యయములున్నవి. లఘువు, లఘుతరము, లఘుతమము. ఇంగ్లీషులో వీనికి బదులుగా 'టాల్', 'టాలర్', 'టాలెస్ట్' అని 'అర్', 'ఎస్ట్' చేర్తురు. దీర్ఘమైన మాటలకు అట్లు చేర్చక, ముందు 'మోర్', 'మోస్ట్' అను మాటలు పెట్టుదురు. ఇందొక వింత గలదు. సంస్కృతమున 'ఇష్ఠ' అను ప్రత్యయమును కలదు గదా! 'స్వాదు' అనుదానికి 'స్వాదిష్ఠ' రూపము. ఇంగ్లీషు 'స్వీట్' అనుదానికి 'స్వీటెస్ట్' రూపము. ఇవి ధాతువునందును ప్రత్యయమునందును ఒకే వంశమునకు చెందిన అన్నదమ్ములని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. సంస్కృతమునకును గ్రీకు లాటిన్ భాషలకును గల ఈ చుట్టఱికమును సర్ విలియం జోన్సు 1786లో కలకత్తానగరమున చాటినప్పటినుండి ఆ పరిశోధన విస్తరించినది.

'గుడ్' అను మాటకు 'గుడర్' అను రూపము లేదు. 'బెటర్', 'బెస్ట్' అని వేఱు మాటలు వచ్చును. ఇదేమి విడ్డూరమని పిల్లలు అడుగుదురు. పాణిని చదివినవారికి ఇది విడ్డూరము కాదు. 'ప్రశస్య' శబ్దమునకు పోలికలో 'శ్ర' ఆదేశమై 'శ్రేయస్', 'శ్రేష్ఠ' అను రూపములు వచ్చుట మనకు తెలిసినదే. పిల్లవాడు 'మోర్ బెటర్' అని వ్రాసినచో, బెత్తము తీయక, 'నాయనా, బెటర్ అన్న మాటలోనే మోర్ ఉన్నది, రెండుమాఱులు కొలువవద్దు' అని చెప్పిన చాలును.

ఇక ముఖ్యాంశమునకు వత్తును. రూపమువలన తెలియనప్పుడు, ఇంగ్లీషులో ఏ విశేషణము ఏ విశేష్యమునకు చెందినదని ఎట్లు గుర్తించుట? అది నిలిచిన చోటునుబట్టియే. ఒకప్పుడు ఆ భాషయు సంస్కృతమువలెనే యుండెను. వేయి సంవత్సరముల క్రిందటి ఇంగ్లీషులో విశేషణములకు లింగ వచన విభక్తులుండెడివి. కాలక్రమమున పదముల చివరి అక్షరములు నోట నలిగి క్షీణించినవి. 1400లో మరణించిన చాసరు కవి రచనలలో ఆ ప్రత్యయముల శేషము కొంచెము కానవచ్చును. 15వ శతాబ్దమున అదియు రాలిపోయినది. ప్రత్యయము చేయు పని అంతయు అప్పటినుండి స్థానముమీద పడినది. ఆ హద్దురాళ్లమీద పేర్లు చెక్కియుండవు. పాతిన చోటే సాక్ష్యము.

ఒక ఉదాహరణము. 'హార్స్ రేస్' అనగా గుఱ్ఱపు పందెము. 'రేస్ హార్స్' అనగా పందెపు గుఱ్ఱము. మనకు 'గుఱ్ఱము' గుఱ్ఱపు అయినది, 'పందెము' పందెపు అయినది. ఏది విశేషణమో ఆ 'పు' చెప్పుచున్నది. ఇంగ్లీషులో రెండు మాటలును చెక్కుచెదరలేదు; తావులు మాత్రము మార్చుకొన్నవి. ముందున్నది విశేషణము, వెనుకనున్నది విశేష్యము.

మఱికొన్ని విశేషణములు విశేష్యమునకు ముందున్నచో ఒక అర్థమును, వెనుకనున్నచో వేఱొక అర్థమును ఇచ్చును. సహకార సంఘముల పెద్దలు దీనిని గమనింపవలెను. 'ది ప్రెజెంట్ మెంబర్స్' అనగా ఇప్పుడు సభ్యత్వము గలవారందఱు. 'ది మెంబర్స్ ప్రెజెంట్' అనగా ఆనాటి సమావేశమునకు వచ్చి కూర్చున్నవారు మాత్రము. నూఱుగురు సభ్యులుండి నలువదిమంది వచ్చినచో, మూడింట రెండు వంతులన్నది నూటికా, నలువదికా యనునది ఆ విశేషణము చోటునుబట్టి తేలవలెను. భారత రాజ్యాంగము 368వ అధికరణమునను, సవరణకు కావలసిన మూడింట రెండు వంతులను సభకు హాజరై ఓటు చేసినవారి సంఖ్యనుబట్టియే లెక్కింతురు. అక్కడ ఆ విశేషణము సభ్యులను మాటకు వెనుకనే యున్నది. అట్లే అర్జీలలో 'ది ఆఫీసర్ కన్సర్న్డ్' అనగా సంబంధించిన అధికారి. దానిని తిరుగవేసి 'కన్సర్న్డ్ ఆఫీసర్' అని వ్రాయుట మన కచ్చేరీలలో వాడుక. కాని ఇంగ్లండు దేశస్థుడు చదివినచో దిగులుపడిన అధికారి యని గ్రహింపవచ్చును.

కొన్ని పదవుల పేర్లలోను విశేషణము వెనుకనే యుండును. 'అటార్నీ జనరల్', 'నోటరీ పబ్లిక్' అనునవి అట్టివి. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట న్యాయస్థానములందు చిరకాలము ఫ్రెంచి భాష చెల్లినది. ఫ్రెంచి భాషలో విశేషణము తఱుచుగా వెనుక నిలుచును. ఆ మర్యాద ఈ పేర్లలో మిగిలినది. బహువచనమున సకారము 'అటార్నీ' అనుదానికే చేర్చుట శిష్టసమ్మతము, ఏలయన విశేష్యమదియే.

ఒకే వస్తువునకు పెక్కు విశేషణములున్నప్పుడు వానికి వరుస కలదు. మనము 'అందమైన చిన్న పాత ఇత్తడి దీపము' అందుము గాని 'ఇత్తడి పాత చిన్న అందమైన దీపము' అనము. ఇంగ్లీషువారును ఇంచుమించు ఇదే వరుసను పాటింతురు: ముందు మన అభిప్రాయము, పిమ్మట పరిమాణము, వయస్సు, రంగు, దేశము, చివర వస్తువు చేయబడిన ద్రవ్యము. వస్తువునుండి విడదీయరానిది వస్తువునకు దగ్గఱగా నుండును. పిల్లలకు దీనిని తెలుగు చెవితోనే నేర్పవచ్చును.

ఇక పత్రముల విషయము. ఒక ధర్మసంస్థ నిబంధనలో 'ఓల్డ్ మెన్ అండ్ విమెన్' కు అన్నవస్త్రములు ఇయ్యవలెనని యున్నదనుకొనుడు. ముప్పది యేండ్ల వితంతువు వచ్చి యడిగినచో ఈయవలెనా, వలదా? వృద్ధత్వము పురుషులకు మాత్రమే చెప్పినదా, స్త్రీలకును చెప్పినదా? రూపమువలన తెలియదు. ఇద్దఱును వృద్ధులే కావలెనన్నచో 'ఓల్డ్' అను మాటను రెండుమాఱులు వ్రాయవలెను. పురుషులకు మాత్రమే అన్నచో 'విమెన్ అండ్ ఓల్డ్ మెన్' అని తావు మార్చవలెను. సిరాబొట్టుతో తీరు తగవు అలక్ష్యము చేసిన వ్యాజ్యమగును.

ఇంగ్లండులో అట్టి వ్యాజ్యమే జరిగినది. కాలెబ్ డిప్లాక్ అను ధనవంతుడు 1936లో మరణించెను. ఇంచుమించు రెండున్నర లక్షల పౌండ్ల మిగులు ఆస్తిని సత్కార్యములకు వినియోగింపుడని వీలునామా వ్రాసెను. ఆ కార్యములకు వాడిన విశేషణములు రెండు: 'చారిటబుల్', 'బెనెవొలెంట్'. మొదటిదానికి ధర్మార్థమైనదని యర్థము; 1601 నాటి శాసనము మొదలుకొని అక్కడి న్యాయస్థానములు దాని హద్దులను నిర్ణయించుచు వచ్చినవి. రెండవదానికి పరోపకారబుద్ధి గలదని యర్థము; దానికి న్యాయశాస్త్రమున హద్దు లేదు. ఈ రెంటి నడుమ 'అండ్' అని యుండినచో రెండు గుణములును కలవలసియుండెను గనుక, హద్దు నిలిచి దానము చెల్లియుండెడిది. కాని పత్రమున 'లేదా' అను అర్థముగల 'ఆర్' ఉండెను. అందుచేత ధర్మార్థము కాని పరోపకారమునకును సొమ్మీయవచ్చునని తేలినది.

వీలునామాను నమ్మి కార్యనిర్వాహకులు 139 సంస్థలకు రెండు లక్షలకు పైగా పౌండ్లు పంచిరి. పిమ్మట బంధువులు వ్యాజ్యము తెచ్చిరి. అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ 1944లో ఆ దానము అనిశ్చితమై చెల్లదని తీర్పు చెప్పెను. సొమ్ము పుచ్చుకొన్న సంస్థలనుండి దానిని రాబట్టుకొను హక్కు బంధువులకు కలదని 1948లో అప్పీలు న్యాయస్థానమును, 1950లో ప్రభువుల సభయు నిర్ణయించెను. దాత మనస్సులో లోపము లేదు. ధనములో లోపము లేదు. రెండవ విశేషణమునకు హద్దు లేదు. 'ఆర్' అను చిన్నమాట దానిని ఒంటరిగా నిలిపినది. అంతటితో జీవితకాలపు సంకల్పము వ్యర్థమైనది.

కావున పెద్దలకు నా మనవి ఇది. ఇంగ్లీషు పత్రము చేతికి వచ్చినప్పుడు విశేషణము కనబడినచోట ఆగి, మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇది ఏ విశేష్యమునకు చెందినది? ఒక్కదానితో ఆగినదా, తరువాతి దానిని కూడ తాకుచున్నదా? రెండు విశేషణములున్నచో నడుమనున్నది 'అండ్' ఆ, 'ఆర్' ఆ? సమాధానము దొరకనిచో వ్రాసినవానిచేత విడమరచి వ్రాయించుకొని గాని చేవ్రాలు చేయకుడు. పొలము కొనునప్పుడు హద్దురాయి చూడక రొక్కము చెల్లింపము గదా!

ఇంటిలో పిల్లలు ఈ పాఠము తెచ్చినప్పుడు, మాకు ఇంగ్లీషు రాదని వారిని పంపివేయకుడు. విశేషణ విశేష్య సంబంధమెఱిగిన మీకు ఆ పాఠములో సగము తెలిసినదే. రూపము మాఱదు, చోటు మాఱిన అర్థము మాఱును అను ఒక్క సూత్రము చేర్చుకొన్నచో తక్కిన సగములో ముఖ్యమైనదియు తెలియును. 'గుఱ్ఱపు పందెము', 'పందెపు గుఱ్ఱము' అను రెండు మాటలు చెప్పి, వానిని ఇంగ్లీషులో వ్రాయుమని అడుగుడు. పాఠము అక్కడినుండి తానే నడచును.