అప్పు – అడవి రైతు ఆదాయము

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడి కోరాపుట్ మదరాసు నుండి విడిపోవుటకు ముందే మన పూర్వులు పెక్కుమంది ఈ కొండలకు వచ్చిరి. కొందరు ఉద్యోగములకు, కొందరు సేద్యమునకు, కొందరు వర్తకమునకు. ఈ మూడవవారిని గూర్చి మాటలాడుటకు మనకు సంకోచము. మా తాతగారును వారిలో నొకరే కనుక నేను మాటలాడుదును.

కొండరైతుకు చేతిలో రూక లేని కాలము ఆషాఢ శ్రావణములు. ఇంట చోళ్ళు నిండుకొనును; పోడులో పైరింకను పండదు. అప్పుడు తెచ్చిన అప్పు మార్గశిరమున వలిసెలుగానో, వేసవిలో చింతపండుగానో తీరును. మా తాతగారి చిట్టా మా యింట నేటికి నున్నది. అందు వడ్డీ గడి ఖాళీ. చిన్నతనమున అది ఆయన దయ యనుకొంటిని. వడ్డీ ధరలో నున్నదని చాల కాలమునకు గాని తెలియలేదు.

నేటి రూపాయలలో ఊహించి లెక్క కట్టుదము. వేయి రూపాయలు బదులిచ్చి, సంతలో కిలో 50 పలుకు వలిసెలను 40కి కట్టుకొన్నచో, రైతు 25 కిలోలు కొలువవలెను. సంతలో వాని వెల 1250. అయిదు నెలలకు 250 రూపాయలు, అనగా సాలుకు నూటికి 60! 1917 నాటి ఏజెన్సీ చట్టము కొండజాతులవారి అప్పుపై వడ్డీ సాలుకు నూటికి 24 దాటరాదనియు, మొత్తము వడ్డీ అసలును మించరాదనియు విధించెను. చట్టము వడ్డీని చూచెను గాని కాటాను చూడలేదు. అప్పు తీరనివాడు గోటిగా, అనగా అప్పు క్రింద వెట్టివాడుగా, కుదిరెడివాడు. గోపీనాథ మహంతిగారి 'పరజా' నవల (1945) చదివినవారికి సుక్రు జాని కుటుంబపు గతి తెలియును. అట్టి చాకిరిని ఒరిస్సాలో 1948 నాటి శాసనమును, దేశమంతట 1976 నాటి చట్టమును నిషేధించినవి. కాటా మాత్రము మిగిలినది.

బ్యాంకు అప్పు వచ్చినంత మాత్రమున ఆదాయము పెరుగునా? చోళ్ళకు, వలిసెలకు కిసాన్ క్రెడిట్ కార్డు అప్పు సరిపోవును. పంట చేతికి రాగానే తీర్చవచ్చును. జీడిమామిడి, కాఫీ అట్లు కావు. మొక్క నాటిన మూడు నాలుగేండ్లకు గాని కాపు రాదు. ఏడాదిలో తీర్చవలసిన అప్పుతో చెట్టు నాటినవాడు బ్యాంకు బాకీకై మరల షావుకారు గుమ్మమెక్కును. రాబోవు చింతపండు అక్కడనే తాకట్టు పడును. కావున అప్పు ఎంత యని గాక, తొలి వాయిదా ఎప్పుడు, పంట ఎవరికైన అమ్మవచ్చునా యని అడుగవలెను.

ఇంకొక మాట. 2006 అటవీ హక్కుల చట్టము క్రింద వచ్చిన పట్టా వారసులకు చెందును గాని, అన్యులకు బదలాయింపరాదు. అది భూమికి కాపుదల. కాని తాకట్టునకు పనికిరాదని విని పట్టాదారు బ్యాంకు గడప త్రొక్కుటకే జంకును. 2025 జనవరి నుండి రెండు లక్షల రూపాయల వరకు వ్యవసాయపు అప్పులకు తాకట్టు అడుగరాదని రిజర్వు బ్యాంకు ఆదేశము. ఈ సంగతి రాయగడ సంతకు వచ్చు రైతులలో ఎందరికి చేరినది?

మనలో ఒడియా, తెలుగు రెండును చదువగలవారున్నారు. కొందరికి కువి సైతము వచ్చును. సంతరోజున మన సంఘపు వసారాలో ఇద్దరు కూర్చుండి, వచ్చినవారి అప్పు కాగితములను చదివి, వాయిదాలను వారికి విప్పి చెప్పవచ్చును. ఒక కాటా కూడ నుంచిన మేలు. వచ్చే వారము నేను కూర్చుందును. రెండవవారెవరో కార్యదర్శిగారికి తెలుపగోరెదను.