పప్పు ఉడకకపోతే తప్పెవరిది?



వేసవి సెలవులు వస్తున్నాయంటే మన ఇళ్ళకు ఊరి నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చే రోజులన్నమాట. వాళ్ళు సూట్‌కేసులు విప్పేలోపే మనం కోరే మొదటి కోరిక, "అమ్మా, నీ చేత్తో కాస్త పప్పు వండి పెట్టవే" అని. ఆ పప్పే ఉడక్కపోతే? ఈవేళ దాని గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

మేముండేది కొలరాడోలో, డెన్వర్ దగ్గర. మా అమ్మది గుంటూరు. ఆవిడ వచ్చిన మొదటి శనివారం రాత్రి నాలుగు కుటుంబాలను భోజనానికి పిలిచాం. గోంగూర పప్పు, వడియాలు, ఆవకాయ, గడ్డపెరుగు, అంతే. ఇంట్లో కుక్కర్ చిన్నది. అంతమందికి చాలదని అమ్మ పెద్ద గిన్నెలో ఎసరు పెట్టి కందిపప్పు పోసింది. కుక్కర్లు రాకముందు నుంచీ వండుతున్న మనిషి. పప్పు సగం ఉడికిందనుకున్నాక గోంగూర వేసింది, ఎప్పటిలాగే.

గంటయింది, గంటన్నరయింది. నీళ్ళు తెర్లుతూనే ఉన్నాయి, పప్పు మాత్రం బద్దలు బద్దలుగానే ఉంది. చివరికి పప్పుగుత్తితో ఎనిపి, తాలింపు పెట్టి వడ్డించింది. నోట్లో పెట్టుకుంటే పంటి కింద పలుకులు. వచ్చినవాళ్ళు మర్యాదస్తులు, ఏమీ అనకుండా ఆవకాయతో, పెరుగుతో ముగించారు. కంచాల అంచులకు నెట్టిన పప్పును అమ్మ చూడనే చూసింది.

వెళ్ళేటప్పుడు ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "పెద్దావిడకు మతిమరుపు మొదలైనట్టుంది, ఒకసారి డాక్టరుకు చూపించండి" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ మాట అమ్మ చెవిన పడింది. మర్నాటి నుంచి ఆవిడ పొయ్యి దగ్గరకు రాలేదు. మా ఆవిడ బతిమాలితే, "ఇక నా చేతి వంట అయిపోయిందమ్మా, నువ్వే చూసుకో" అంది.

అసలు సంగతి ఏమిటంటే, గుంటూరు సముద్రమట్టానికి దాదాపు 100 అడుగుల ఎత్తులో ఉంది. డెన్వర్ 5,280 అడుగులు, సరిగ్గా ఒక మైలు. పైకి వెళ్ళినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్ళు తక్కువ వేడికే మరిగిపోతాయి. అక్కడ 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్ళు ఇక్కడ 95 దగ్గరే మరుగుతాయి. ఎంత సెగ పెంచినా మూత లేని గిన్నెలో అంతకు మించి వేడెక్కవు, ఆవిరై పోతాయంతే.

రెండోది పులుపు. పప్పులోని కణాలను అతికించి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. అది కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. పులుపు తగిలితే అది తొందరగా కరగదు. గోంగూరైనా, చింతపండైనా, టమాటా అయినా అంతే. మూడోది పాత సరుకు. వేడి, తేమ ఉన్న చోట నెలల తరబడి నిలవున్న పప్పు గట్టిపడి ఓ పట్టాన ఉడకదు. ఇక్కడి మన కొట్లకు పప్పు ఓడలెక్కి, గోదాముల్లో ఆగి వస్తుంది కదా! ఈ మూడూ ఆ రాత్రి ఒకే గిన్నెలో కలిశాయి.

మా ఆవిడ వంటింటి థర్మామీటరు తెచ్చి తెర్లే నీళ్ళలో పెట్టి చూపించింది. ముల్లు 95 దగ్గర ఆగిపోయింది. అమ్మ కాసేపు దానివంకే చూసి, "అయితే నీళ్ళకే సత్తా లేదన్నమాట, నాక్కాదు" అంది. ఆ సాయంత్రమే పప్పు మళ్ళీ వండింది. ఈసారి పప్పును విడిగా కుక్కర్‌లో ఉడికించి, గోంగూరను వేరే మగ్గించి కలిపింది. వెన్నలా వచ్చింది.

మీరంతా కొండల మీద ఉండకపోవచ్చు. లండన్‌లో ఉన్నవారికి నీళ్ళలో సున్నం ఎక్కువ, కెటిల్ అడుగున తెల్లగా పేరుకునేది అదే. అందులోని కాల్షియం పప్పును మెత్తబడనివ్వదు. ఉప్పునీటి బావి నీళ్ళతో పప్పు ఉడకదని మన పెద్దలు మంచినీళ్ళ బావికి వెళ్ళి తెచ్చుకునేది అందుకే. అలాంటి చోట వడపోసిన నీళ్ళు వాడండి. పప్పు ముందుగా నానబెట్టండి. పులుపు ఆఖర్న వేయండి. మరీ మొండి పప్పయితే చిటికెడు తినేసోడా వేయవచ్చు. ఎక్కువైతే మాత్రం రుచి చెడుతుంది, బి1 విటమినూ కొంత పోతుంది.

మతిమరుపు లక్షణాలు నిజంగానే కనిపిస్తే డాక్టరుకు చూపించాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఒక్క పూట వంట చెడిందని పెద్దవాళ్ళ మీద ఆ ముద్ర వేయకండి. పొయ్యి కొత్తది, నీళ్ళు కొత్తవి, సరుకు ఎప్పటిదో తెలియదు. నలభై ఏళ్ళు వండిన చేతిని అనుమానించే ముందు ఆ మూడింటినీ ఒకసారి అనుమానించండి. ఆ మాట వాళ్ళకు వినబడేలా చెప్పండి.

ఉంటాను మరి. సెలవు.