రెండు రకాల పైపుల అతుకు: మా సంఘం నేర్చుకున్న పని
(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడర్ మాట్లాడినది)

పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు మీరు విన్నరు. మమ్మల్ని పైపుల సంగతి చెప్పమన్నరు. నవ్వకున్రి, ఆ ఒక్క అతుకు కోసం మా సంఘం అప్పు పైసలు రెండుసార్లు మట్టిల పోసినం.

2016 ఆగస్టు 7న మన గజ్వేల్ దగ్గర కోమటిబండల మిషన్ భగీరథ మొదలయింది. నల్లా ఇంట్లకు వచ్చింది, బిందెలు మోసుడు తగ్గింది. కానీ లోపలికి వచ్చిన నీళ్లు బయటికి కూడా పోవాలె గదా! ఆ పైపు గురించి మనం ఎన్నడూ అడగం, అది మేస్త్రీ పని అనుకుంటం.

మా సంఘంల ఒక అక్క అప్పు తీసుకొని బాత్రూం, లెట్రిన్ కొత్తగ కట్టించుకున్నది. లోపల పీవీసీ పైపు వేసిన్రు. బయట సెప్టిక్ ట్యాంకు దాకా మామ కాలం నాటి మట్టి పైపు, స్టోన్‌వేర్ అంటరు, అదే ఉంచిన్రు. ఏడాది తిరగకముందే గోడకు చెమ్మ ఎక్కింది. సున్నం రాలింది. మేస్త్రీ వచ్చి పైనుంచి సిమెంటు పూసి పైసలు తీసుకొని పోయిండు. మళ్లా చెమ్మ. ఇంతల పిల్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నయి. దవాఖానల డాక్టరమ్మ నీళ్లు మరగబెట్టి తాగమన్నది. అప్పుడు చూసుకుంటే నల్లా పైపు కూడా ఆ అతుకు పక్కపొంటే పోతున్నది. నల్లా బందైనప్పుడు, ఆ పైపుకు చిన్న పగులున్నా సరే, చుట్టుపక్కల మురికిని లోపలికి గుంజుకుంటది.

ఇగ మేమే పార పట్టినం. నలుగురం ఒక పూట తవ్వినం. వాసన సంగతి చెప్పను, భోజనాల టైం దగ్గర పడ్డది.

చూస్తే ఏమున్నది? పీవీసీని మట్టి పైపు మూతిల దూర్చి చుట్టూ సిమెంటు నింపిండు. సిమెంటు మట్టి పైపును పట్టింది గాని పీవీసీని పట్టలే. ఎందుకంటే అది నున్నగ ఉంటది. పైగా వేన్నీళ్లు పోస్తే పీవీసీ సాగుతది, చల్లారితే ముడుచుకుంటది. మట్టి పైపు అంతగ కదలదు. అట్ల సందు పడ్డది. సిమెంటు కొంత లోపలికి జారి గడ్డ కట్టింది, దానికి వెంట్రుకలన్నీ చుట్టుకున్నయి. పీవీసీకి పూసే గమ్ము పీవీసీకి పీవీసీనే అతుకుతది, మట్టికి, సిమెంటుకు, ఇనుముకు పనికి రాదు.

తెలిసిన ఇంకో ప్లంబరును పిలిచి, పక్కన కూసుండి పని చేయించినం. పీవీసీ కొసను గరుకు కాగితంతోని రుద్దిండు. గమ్ము పూసి, తడి ఆరకముందే పొడి ఇసుక చల్లి ఎండనిచ్చిండు. ఇప్పుడు సిమెంటుకు పట్టు దొరుకుతది. పైపును మట్టి పైపు వెడల్పు మూతిల సరిగ్గా నడుమ నిలబెట్టి, సందుల జనపనార పేని గట్టిగ కూరిండు. నార ఉంటే సిమెంటు లోపలికి జారదు. దానిమీద సిమెంటు నింపి, తడి గోనెపట్ట కప్పిండు. మట్టి పైపు మూతి పగిలి ఉంటే మాత్రం ఈ పని కాదు. ఆ మూతి కోసేసి, రెండు కొసలకు రబ్బరు కప్లింగు తొడిగి స్టీలు క్లిప్పులు బిగించాలె. అది కొంచెం సాగుతది కనుక పైపు కదిలినా పగలదు. కాకపోతే రెండు పైపుల బయటి కొలతలు చెప్పి కొనాలె, ఊరికే నాలుగించులు అంటే సరిపోదు.

ఇంకో మాట. పైపు వెడల్పు మూతి ఎప్పుడూ నీళ్లు వచ్చే దిక్కుకే ఉండాలె. మా అక్క ఇంట్ల ఒక ముక్క ఎదురు వేసి ఉండె! వాలు నలభై అడుగులకు ఒక అడుగు పెట్టించినం.

సిమెంటు గట్టిపడినంక కింది కొస మూసి, నీళ్లు నింపి అరగంట చూసినం. చుక్క కారలే. అప్పుడే మట్టి కప్పనిచ్చినం. నల్లా పైపును దూరం జరిపించినం. గోడ ఆరనీకె ఎండాకాలం దాకా పట్టింది.

ఇప్పుడు మా సంఘంల బాత్రూం అప్పు అడిగితే, గుంత కప్పకముందు ఇద్దరు సభ్యులు పోయి నీళ్లు నింపి చూడాలని తీర్మానం రాసుకున్నం. చివరి కిస్తు మేస్త్రీకి ఆ తర్వాతనే. మీ ఊర్ల ఎవరికన్న పాత పైపు ఉంటే కబురు పెట్టున్రి, మేము వచ్చి చూస్తం. పార మాత్రం మీదే.