ముందు తోట, తరువాత గోడలు

సాయంకాలపు తరగతిలో కూడబలుక్కుని నేర్చుకున్న తెలుగు మాది. మాటలు మెల్లగా వస్తాయి, ఓపికతో వినండి.

సిడ్నీకి ఉత్తరంగా, కారులో సుమారు గంటన్నర దూరంలో, కూరన్‌బాంగ్ అనే ఊరున్నది. అది అవబకల్ ప్రజల నేల. అక్కడ డోరా క్రీక్ అనే ఏటి దగ్గర సెవెన్త్‌డే అడ్వెంటిస్టు సంఘంవారు 1897 ఏప్రిల్ 28న ఒక విద్యాలయం తెరిచారు. అదే ఏవన్‌డేల్. మేము ఆ మతస్థులము కాము. కాని బ్రతుకంతా బడిలోనే గడిపినవారం గనుక, ఏ బడి ఎలా పుట్టిందో తెలుసుకోవాలనే ఆశ మాకు పోదు.

1894లో ఆ సంఘంవారు సుమారు 1,500 ఎకరాల అడవిభూమిని చూశారు. ప్రభుత్వ వ్యవసాయ నిపుణుడు మన్ను పరీక్షించి, ఇది పనికిరాని నేల అన్నాడు. 1891లో అమెరికా నుండి వచ్చిన ఎలెన్ వైట్ అనే రచయిత్రి మాత్రం అదే కావాలని పట్టుబట్టారు. చేతిలో డబ్బా లేదు. 1893లో ఆస్ట్రేలియా బ్యాంకులు ఒకదాని వెంట ఒకటి తలుపులు మూసుకున్నాయి. అటువంటి రోజుల్లో చందా ఎవరిస్తారు?

అయినా 1895లోనే కొందరు యువకులు వచ్చి చేరారు. రోజుకు ఆరు గంటలు పని చేస్తే తిండి, బస, రెండు పాఠాలు. అదీ ఏర్పాటు. చెట్లు కొట్టారు, పండ్ల మొక్కలు నాటారు. బడి గోడలు లేవకముందే తోట లేచింది! మాకు ఈ కథలో అన్నిటికంటె నచ్చినది ఇదే.

తరువాతి పేర్లు త్వరగా చెబుతాము. 1911లో ఆస్ట్రలేషియన్ మిషనరీ కాలేజీ, 1964లో ఏవన్‌డేల్ కాలేజీ, 2021లో ఏవన్‌డేల్ యూనివర్సిటీ. పేరు పెద్దదైనా సంస్థ చిన్నదే. ఉపాధ్యాయులు, నర్సులు అక్కడ తయారవుతారు. సిడ్నీలో వహ్రూంగాలో మరొక శాఖ ఉన్నది. మన పిల్లలు ఉదయం పాలలో వేసుకునే వీట్‌బిక్స్ తయారుచేసే శానిటేరియం కంపెనీ కూడా ఆ సంఘానిదే. కూరన్‌బాంగ్‌లోని దాని కర్మాగారంలో పని చేసి ఫీజు కట్టుకున్న విద్యార్థులు ఎందరో. ఎలెన్ వైట్ నివసించిన సన్నీసైడ్ అనే కొయ్య ఇల్లు ఈనాటికీ నిలిచి ఉన్నది.

ఇదంతా మనకెందుకు అంటారా? మా తాతలు ఫిజీ చెరకు తోటలకు పోయినవారు. మదరాసు రేవునుండి తొలి ఓడ 1903లో బయలుదేరింది. కూలి ఒప్పందాలు తీరిన తరువాత వారు ముందుగా కోరుకున్నది బడి. 1926లో నాందీలో దక్షిణాది వారంతా కలిసి సంగం స్థాపించారు. 1941లో మన ఆంధ్రుల సంగం వేరుగా వెలిసింది. సొంత భవనం ఉన్నదా అని వారు ఆగలేదు.

మన సభలలో ఏటేటా ఒకే మాట వినిపిస్తుంది. ముందు సొంత హాలు కడదాం, తరువాత పిల్లల తెలుగు సంగతి చూద్దాం అని. ఈ మాట మాకు మింగుడుపడదు. హాలు లేచేలోగా ఈ పిల్లలు పెద్దవారైపోతారు. 2021 జనాభా లెక్కలలో ఈ దేశంలో ఇంట తెలుగు మాట్లాడేవారు సుమారు 59 వేలమంది. అందులో ఎక్కువమంది కొత్తగా వచ్చినవారే. మూడు నాలుగు తరాల క్రితం సముద్రం దాటిన మన ఇండ్లలో ఎందరున్నారు? అమ్మమ్మ పిలిస్తే ఇంగ్లీషులో పలికే మనుమలే మన ఇంట్లో ఎక్కువ. మా ఇంట కూడ అంతే.

అందుచేత వచ్చే టర్ము నుండి శనివారం ఉదయం పది గంటలకు మేము అక్షరాల తరగతి మొదలుపెడుతున్నాము. గది అద్దెది. పలకలు మేము తెస్తాము. ఇంతవరకు ఆరుగురు పిల్లల పేర్లు వచ్చాయి. ద్వారం దగ్గర బల్లమీద కాగితం ఉన్నది, పక్కనే కలం కూడ ఉన్నది.