పనిచోట పువ్వు



1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్‌గారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించినది మొదలు భిలాయి అనగానే ఉక్కు, నిప్పు స్ఫురించును. అయినను స్మృతి నగర్‌లోని మన పెరళ్లలో పూలకు కొదువ లేదు.

సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజనాడు యంత్రములకు బంతిపూల దండలు వేయుదుము. తక్కిన దినములలో ఆ యంత్రమును నడుపు మనిషి ఎదుట ఒక పువ్వు కనబడుట అరుదు.

1984లో రోజర్ ఉల్రిచ్ అను అమెరికా పరిశోధకుడు శస్త్రచికిత్స పొందిన 46 మంది రోగుల వివరములను పోల్చి, కిటికీనుండి చెట్లు కనబడినవారు గోడ కనబడినవారికంటె త్వరగా ఇల్లు చేరిరని ప్రకటించెను. అవి చెట్లే గాని పూలు కావు. అయినను ప్రకృతి దర్శనము దేహమునకును హితమని ఊహింపవచ్చును.

అట్లని పువ్వు హెల్మెట్టునకుగాని, విశ్రాంతికిగాని బదులు కాదు. యంత్రములచెంత, విద్యుత్ బోర్డులపై పూలపాత్ర ఉంచరాదు. ఆఫీసు బల్లమీద ఒక గాజు గ్లాసు చాలును. చామంతి కాడను ఏటవాలుగా కోసి, నీటిని దినదినము మార్చవలెను; లేనిచో దోమలు పెరుగును. ఘాటైన వాసన పడనివారు ప్రక్కనున్నచో అట్టి పూలను మానవలెను.

పండుగనాడు యంత్రమునకు చేయు మర్యాదను పనిదినమున మనిషికిని చేయుదము. రేపు డ్యూటీకి పోవునపుడు తోడి ఉద్యోగికై పెరటిలోని పువ్వొకటి తీసికొనిపొండని నా మనవి.